సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఫైర్‌మన్ ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: రాష్ట్ర అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేస్తున్నాను. 16 ఏళ్ల సర్వీసు. కిందటేడు ఒక గోడౌన్ కాలిపోయినప్పుడు పై అంతస్తు నుంచి ఇద్దరు పిల్లల్ని మోసుకొచ్చాను. కిందికి తెచ్చేసరికే ప్రాణం లేదు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. స్టేషన్‌లో బెల్ మోగితే చేతులు వణుకుతున్నాయి. పొగలో ఊపిరి పీల్చుకోడానికి వాడే బీఏ సెట్ మాస్కు మొహానికి పెట్టుకోగానే ఊపిరి ఆగిపోతున్నట్టు ఉంటోంది. 40 రోజులు డ్యూటీకి వెళ్లలేకపోయాను, సెలవు చీటీ కూడా పంపలేదు. ఇప్పుడు చార్జి మెమో (అభియోగ పత్రం) వచ్చింది. డాక్టరుకు చూపించుకుంటే ‘మెంటల్’ అని ముద్ర వేసి ఇంటికి పంపేస్తారని తోటివాళ్లు అంటున్నారు. మాలో ఐదారుగురం డ్యూటీ దిగాక కూర్చుని ఇవన్నీ చెప్పుకుంటున్నాం, వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. దీనికి రిజిస్టరు పెట్టి, ఎవరేం మాట్లాడారో రాయమని మా ఆఫీసరు అడుగుతున్నారు. రాయాలా?

జవాబు: ముందు మెమో సంగతి చూద్దాం, గడువు ఉన్నది దానికే. అందులో ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వమన్నారో చూడండి. చాలదనిపిస్తే అదనపు గడువు కోరుతూ ఈ రోజే దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. జవాబివ్వకుండా ఊరుకుంటే ఎక్స్‌పార్టీగా, అంటే మీరు లేకుండానే, విచారణ కానిచ్చేస్తారు. మీ దగ్గర ఎంత బలమైన పాయింటు ఉన్నా తర్వాత అప్పీలులో కిందామీదా పడాల్సి వస్తుంది.

మీ మీద పెట్టింది అనధికార గైర్హాజరు అభియోగమే అయి ఉండాలి. డ్యూటీకి రానంత మాత్రాన అది దుష్ప్రవర్తన అయిపోదు, కావాలనే మానేశారని శాఖ నిరూపించాలి. కృష్ణకాంత్ బి. పర్మార్ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. జబ్బు, ప్రమాదం, ఆస్పత్రిలో చేరడం లాంటి, ఉద్యోగి చేతిలో లేని కారణాల వల్ల రాలేకపోతే అది ఉద్దేశపూర్వకం అనిపించుకోదు.

అయితే జబ్బు అని మీరంటే సరిపోదు, డాక్టరు అనాలి. మీరు రాసిన లక్షణాలు చూస్తే పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక జబ్బు) అనే అనుమానం నాకూ వస్తోంది గానీ, అది తేల్చాల్సింది వకీలు కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో పీటీఎస్‌డీకి 6బీ40 అని ప్రత్యేకమైన కోడ్ ఉంది. మానసిక అనారోగ్యాన్ని నిర్ధారించేటప్పుడు ఆ జాబితా లాంటి గుర్తింపు పొందిన ప్రమాణాలనే పాటించాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 3 చెబుతోంది. ‘నెర్వస్ వీక్‌నెస్’ అని గీకిన చీటీ విచారణాధికారి ముందు నిలబడదు, కాబట్టి జబ్బు పేరు సరిగ్గా రాయించుకోండి.

ఇక్కడ ఒక పని మాత్రం చేయొద్దు. తెలిసిన డాక్టరు ఉన్నాడు కదా అని ఆ 40 రోజులకు పాత తేదీతో సర్టిఫికెట్ తెచ్చుకోవద్దు. ఇలాంటి కేసులు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆస్పత్రి ఓపీ రిజిస్టరులో మీ పేరు లేదని తేలితే గైర్హాజరు పక్కకు పోయి ఫోర్జరీ ముందుకొస్తుంది. ఈ రోజు తేదీతోనే వెళ్లండి. బాధ ఎప్పుడు మొదలైంది, ఏ ప్రమాదం తర్వాత, ఇంట్లోవాళ్లు ఏం గమనించారు, ఇవన్నీ కేస్ షీట్‌లో రాయమని అడగండి. భార్యనో అన్ననో వెంట తీసుకెళ్తే వాళ్లు చెప్పింది కూడా అందులోకి ఎక్కుతుంది. ఆ గోడౌన్ ప్రమాదం ఫైర్ రిపోర్టు, ఆ రోజు టర్నవుట్‌లో (బండితో బయల్దేరిన సిబ్బంది జాబితాలో) మీ పేరున్న పేజీ సమాచార హక్కు కింద తీసుకోండి. ఇవీ, డాక్టరు కేస్ షీటూ పక్కపక్కన పెడితే కారణం, ఫలితం రెండూ కనిపిస్తాయి. ఆ 40 రోజుల్ని వైద్య కారణాలపై సగం జీతం సెలవుగా క్రమబద్ధం చేయాలని మెమో జవాబులోనే కోరండి. మీ ఖాతాలో ఏడాదికి 20 రోజుల చొప్పున పడిన సెలవు వాడకుండా ఉండే ఉంటుంది.

ఇక మీ అసలు భయం. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అర్థం కాదని, అది కోర్టు మాత్రమే ప్రకటించగలదని ఆ మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 3లోనే ఉంది. ఉద్యోగం విషయంలో మీకు కాపు కాసేది ఇంకో చట్టం, దివ్యాంగుల హక్కుల చట్టం 2016. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు అంటుంది సెక్షన్ 20(4). ఉన్న పోస్టుకు పనికిరాకపోతే అదే జీతం స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టులోకి మార్చాలి. అదీ దొరక్కపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ (అదనంగా సృష్టించిన) పోస్టులో ఉంచవచ్చు. మీ శాఖలో కంట్రోల్ రూమ్ ఉంది, ట్రైనింగ్ ఉంది, ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తనిఖీల పని ఉంది. మంటల్లోకి దూకని పనే లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు.

రెండు మెలికలు ఉన్నాయి. చట్టం వైకల్యం అంటున్నది దీర్ఘకాలం ఉండే దాన్ని. మందులతో, కౌన్సెలింగ్‌తో ఆర్నెల్లలో తేరుకుంటే మీరు దాని కిందికి రాకపోవచ్చు. అప్పుడు మీకు అక్కరకొచ్చేది సెలవు నిబంధనలే, అంతకంటే మంచి కబురూ లేదు. రెండోది, పని స్వభావాన్ని బట్టి కొన్ని సంస్థలకు ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. కేంద్ర సాయుధ బలగాల పోరాట సిబ్బందికి 2021లో అలాగే ఇచ్చారు. మీ శాఖకు రాష్ట్ర ప్రభుత్వం అలాంటి నోటిఫికేషన్ ఏదైనా ఇచ్చిందా అని అదే సమాచార హక్కు దరఖాస్తులో అడగండి.

అదే 2021 డిసెంబరులో రవీందర్ కుమార్ ధారీవాల్ కేసు తీర్పు వచ్చింది. ఆయన సీఆర్‌పీఎఫ్ అధికారి, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు వెంటాడే జబ్బు)తో, డిప్రెషన్‌తో బాధపడ్డారు. మానసిక వైకల్యం ఉన్న మనిషికి ఆఫీసు క్రమశిక్షణను మిగతావాళ్లలా పాటించడం కష్టమవుతుందని, అలాంటి ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడం పరోక్ష వివక్ష అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. మెమో జవాబులో ఈ తీర్పు పేరు తప్పక ఎత్తండి. విచారణాధికారి చదవకపోయినా రికార్డులో ఉంటుంది, పై కోర్టులో పనికొస్తుంది.

డాక్టరుకు చెప్పింది బయటికి పొక్కుతుందా? చికిత్స చేసే వైద్య సిబ్బంది గోప్యత పాటించాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 కట్టడి చేస్తోంది. ప్రాణహాని, ప్రజల భద్రత, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప మీ కేస్ షీట్ ఆఫీసుకు ఇవ్వడానికి లేదు. శాఖ మిమ్మల్ని మెడికల్ బోర్డుకు పంపవచ్చు, వెళ్లాలి. బోర్డు చెప్పాల్సింది ఏ డ్యూటీకి పనికొస్తారు, దేనికి రారు అన్నది. మీ కలల్లో ఏం కనిపిస్తోందన్నది ఆఫీసుకు అనవసరం.

మీ సాయంత్రపు కూర్చోడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకసారి లోపలికి వెళ్లి వచ్చినవాడి మాటకు ఉండే విలువ వేరు, దాన్ని మానుకోమని నేను అనను. చట్టం దృష్టిలో మాత్రం దానికి పైకప్పు లేదు. భార్యాభర్తల మధ్య మాటలకు, వకీలుతో చెప్పుకున్నదానికి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో 128, 132 సెక్షన్ల రక్షణ ఉంది. తోటి ఫైర్‌మన్‌తో చెప్పుకున్నదానికి అలాంటిది ఏదీ లేదు. అతను వైద్యుడు కాదు కాబట్టి సెక్షన్ 23 కూడా వర్తించదు. రేపు విచారణలో అతన్ని సాక్షిగా పిలిచి ‘ఆ రోజు ఈయన మీతో ఏమన్నాడు’ అని అడిగితే చెప్పాల్సిందే.

వాట్సాప్ ఇంకా ప్రమాదం. గోడౌన్ యజమాని మీద క్రిమినల్ కేసు నడుస్తుంటే మీరు ప్రాసిక్యూషన్ సాక్షి. రాత్రి రెండింటికి నిద్ర పట్టక ‘నేను ఇంకో రెండు నిమిషాలు ముందు లోపలికి వెళ్లుంటే పిల్లలు బతికేవాళ్లురా’ అని గ్రూపులో పెట్టారనుకోండి. అది మీ గుండెలోని బాధ. డిఫెన్సు లాయరు చేతిలో పడితే ఫైర్ సిబ్బంది ఆలస్యం చేశారని సాక్షే ఒప్పుకున్న కాగితం అవుతుంది. అదే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తే ఎలక్ట్రానిక్ మెసేజీ కూడా సాక్ష్యమే. గ్రూపులో ‘ఎప్పుడు, ఎక్కడ కలుద్దాం’ వరకే ఉంచండి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నిద్ర గురించి, భయం గురించి, ఏడుపు గురించి ఎంతైనా మాట్లాడుకోండి. ఎవరు నీళ్లు ఆలస్యంగా వదిలారు, ఎవరు నిచ్చెన తప్పు చోట వేశారు అన్న చర్చ అక్కడ వద్దు. ఒక షరతు మాత్రం మొదటి రోజే అందరికీ చెప్పుకోండి: చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆ మాట గుట్టుగా ఉంచరు. ఇంటివాళ్లకు చెప్పాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

రిజిస్టరు విషయంలో మీ ఆఫీసరుకు దురుద్దేశం ఉందనుకోను. ఆఫీసులో ఏది జరిగినా దానికో రిజిస్టరు ఉండాలన్నది మన ప్రభుత్వ ఉద్యోగుల రక్తంలోనే ఉంది. ఎవరేం చెప్పారో రాయమనే నిబంధన ఏదీ లేదు. అలాగని ముఖం మీద కుదరదంటే ఆదేశ ధిక్కారం అని ఇంకో మెమో వస్తుంది. ఇది డ్యూటీ వేళల బయట, స్వచ్ఛందంగా జరిగే కలయిక అని, ఏ నిబంధన కింద వివరాలు కోరుతున్నారో తెలపమని వినయంగా రాసివ్వండి. స్టేషన్ గది వాడుతుంటే తేదీ, హాజరైనవారి సంఖ్య మాత్రం రాస్తామనండి, పేర్లు వద్దు. అదీ కుదరకపోతే స్టేషన్ బయట కలవండి. ఇంకో సంగతి, ప్రమాదం జరిగిన మర్నాడే అందర్నీ కూర్చోబెట్టి జరిగిందంతా బలవంతంగా చెప్పించే పద్ధతి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2013లో సూచించింది. ఆఫీసరు ఆ దారి పడితే ఆయనకు ఈ మాట చెప్పవచ్చు.

ఇన్సూరెన్సు కంపెనీ మానసిక జబ్బు కాబట్టి క్లెయిమ్ ఇవ్వనంటే అది చెల్లదు. శారీరక జబ్బుతో సమానంగా చూడాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 21(4) చెబుతోంది.

ఇప్పుడే హైకోర్టుకు పరుగెత్తకండి. చార్జి మెమో దశలో కోర్టులు మామూలుగా జోక్యం చేసుకోవు, విచారణలో చెప్పుకోమంటాయి. వివక్ష జరుగుతోందనిపిస్తే శాఖలోని గ్రీవెన్స్ అధికారికి, ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. తుది శిక్ష పడితే శాఖాపరమైన అప్పీలు, దాని తర్వాత రిట్. మెమో జవాబు మీద సంతకం పెట్టే ముందు మీ ఊళ్లో సర్వీసు కేసులు చూసే వకీలుకు ఒకసారి చూపించండి. జవాబుకు డాక్టరు కాగితాల జిరాక్సులే జతచేయండి, ఒరిజినల్స్ ఎవరడిగినా చూపించి వెనక్కి తెచ్చుకోండి.