మ్యూజిక్ కాలేజీలో అటెండెన్స్ 68 శాతం, కచేరీలు మానలేను. డిటెయిన్ చేస్తారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డిగ్రీ సంగీతం రెండో ఏడాది, గాత్రం మెయిన్. సెమిస్టర్‌లో 88 పనిదినాలుంటే 60 అయిపోయాయి, మీరు వెళ్ళింది 41. గుళ్ళలో, పెళ్ళిళ్ళలో పాడితే వచ్చే డబ్బుతోనే హాస్టల్ ఖర్చు గడుస్తోంది. గదిలో రోజూ నాలుగు గంటలు సాధన చేస్తున్నాను, ప్రాక్టికల్స్‌లో మార్కులు బాగానే వస్తున్నాయి, మరి అటెండెన్స్‌కి ఇంత పట్టింపేమిటి అన్నారు.

నాది వయొలిన్. ఇదే లెక్క తప్పి నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. 88 రోజుల్లో 75 శాతం అంటే 66 రోజులు. మీ చేతిలో 41 ఉన్నాయి, ఇంకా 28 రోజులు మిగిలున్నాయి. వాటిలో 25 రోజులు వెళ్తే గట్టెక్కుతారు. అంటే మీరు మానగలిగింది మూడే రోజులు. ఒప్పుకున్న కచేరీలు ఏయే తేదీల్లో ఉన్నాయో ఈ రాత్రే క్యాలెండర్ ముందు పెట్టుకుని చూసుకోండి. పనిదినాల్లో నాలుగోది కనిపిస్తే దాన్ని వేరే వాళ్ళకి అప్పగించండి.

చాలా యూనివర్సిటీల్లో నియమం ఇలా ఉంటుంది: 75 శాతం ఉంటే పరీక్ష రాయనిస్తారు. 65కి, 75కి మధ్య ఉంటే సరైన కారణం, సాధారణంగా ఆరోగ్య కారణం, డాక్టర్ సర్టిఫికెట్‌తో చూపించి, కండొనేషన్ ఫీజు కడితే మినహాయింపు ఇవ్వచ్చు. ఇవ్వచ్చు అంటున్నాను, ఇస్తారని కాదు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, మళ్ళీ వచ్చే ఏడాది అదే సెమిస్టర్‌లో చేరాలి. కచేరీకి వెళ్ళడం ఆరోగ్య కారణం కాదు. దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టమని సీనియర్లు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మీరు ఫలానా రోజు ఫలానా గుళ్ళో పాడిన వీడియో ఎవరో ఒకరి ఫోన్‌లో ఉండనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ 75 శాతం అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తారా, సబ్జెక్టు వారీగా చూస్తారా అన్నది మీ ఆఫీసులో అడగండి. మ్యూజిక్ స్టూడెంట్లకి ఇది చాలా ముఖ్యం. ప్రాక్టికల్ దాదాపు రోజూ ఉంటుంది కాబట్టి నాలుగు రోజులు పోయినా శాతం అంతగా కదలదు. థియరీ క్లాసు వారానికి రెండే ఉంటుంది. పదహారు వారాలకి 32 క్లాసులు, ఎనిమిది మించి మానితే 75 లేదు. పైగా మన కచేరీలు వారమంతా సమంగా పడవు. శ్రావణ శుక్రవారాలు, ధనుర్మాసం శనివారాలు, అన్నీ ఆ రెండు రోజుల మీదే వచ్చి పడతాయి. మా థియరీ సరిగ్గా శుక్ర, శనివారాల్లోనే ఉండేది. మేళకర్తల పట్టికా, తాళ దశ ప్రాణాలూ చెప్పిన రోజుల్లో నేను ఎక్కడో ఒక పందిట్లో పక్కవాద్యం వాయిస్తున్నాను. మొత్తం అటెండెన్స్ చూసుకుని ధైర్యంగా ఉండేదాన్ని. థియరీ శాతం విడిగా ఒక్కసారి కూడా లెక్కేసుకోలేదు.

నేను డిటెయిన్ అయింది నాలుగో సెమిస్టర్‌లో. పుష్యంలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు, ఆ వెంటనే మాఘమాసం పెళ్ళిళ్ళు. వీటికి నేనే మానాను, తప్పు నాదే. తరవాత కాలేజీ వాళ్ళే యువజనోత్సవానికి పంపించారు. రిహార్సల్స్, ప్రయాణం అన్నీ కలిపి తొమ్మిది రోజులు. మా విభాగాధిపతి గారు "వెళ్ళి రండమ్మా, అటెండెన్స్ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. కాగితం ఏదీ అడగలేదు, అడగాలని నాకూ తెలీలేదు. నెల తిరక్కుండానే ఆవిడకి బదిలీ అయింది.

హాల్ టికెట్లు ఇచ్చే రోజు లైన్లో నిలబడితే నా పేరు లేదు. ఆఫీసులో రిజిస్టర్ తీసి చూపించారు. నా పేరుకి ఎదురుగా ఆ తొమ్మిది గళ్ళలోనూ ఎర్ర సిరాతో ఏ, ఏ, ఏ అని ఉంది. 90 రోజుల్లో 57, అంటే 63 శాతం. ఆ తొమ్మిదీ ఆన్ డ్యూటీగా, అంటే కాలేజీ పని మీద వెళ్ళినట్టు హాజరుగా, పడి ఉంటే 66, అంటే 73 శాతం. కనీసం కండొనేషన్ అడగడానికి అర్హత ఉండేది. ఉత్సవంలో మా బృందానికి వచ్చిన షీల్డు ప్రిన్సిపాల్ గది అల్మారాలో ఉంది. దాన్ని చూపించి బతిమాలాను. "ఉత్తర్వు కాపీ ఉందా?" అన్నారు. లేదు.

కాబట్టి ఏ కార్యక్రమానికైనా వెళ్ళే ముందు అర్జీ రాయండి. తేదీలు, ఊరు, పిలిచిన వాళ్ళ ఆహ్వానం జత చేసి, రెండు కాపీలు. ఒకదాని మీద ఆఫీసు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని మీ దగ్గరే ఉంచుకోండి. తిరిగొచ్చాక పాల్గొన్నట్టు సర్టిఫికెట్ తెచ్చివ్వండి. నెలకోసారి మీ అటెండెన్స్ అడిగి చూసుకోండి, నెలాఖరులో దిద్దడం తేలిక, సెమిస్టర్ చివర్లో ఎవరూ దిద్దరు. కాలేజీ పంపిన వాటికి, ఆకాశవాణి రికార్డింగు లాంటి వాటికి ఆన్ డ్యూటీ ఇవ్వడానికి చాలామంది ప్రిన్సిపాళ్ళు ఒప్పుకుంటారు. డబ్బుకి పాడే పెళ్ళి కచేరీకి ఇవ్వరు, అది అడిగి లాభం లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, గదిలో నాలుగు గంటలు సాధన చేస్తే చాలదా అన్నది. అప్పట్లో నేనూ ఇదే అనుకున్నాను. మాఘమాసంలో నేను మానిన రెండు వారాల్లో మా సారు ఒక అట తాళ వర్ణం మొదలుపెట్టారు. పద్నాలుగు అక్షరాల తాళం, రెండో కాలంలో ఒక్కో కమానుకి, అంటే వయొలిన్ వాయించే కర్రని ఒక్కసారి లాగడానికి, ఎన్ని స్వరాలు పడాలో ఆయన లెక్కగా చెబుతారు. నేను ఫ్రెండ్ దగ్గర నొటేషన్ తీసుకుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని గదిలో బాగా సాధన చేశాను. స్వరం ఒక్కటీ తప్పలేదు. క్లాసుకి వెళ్ళి ఆరుగురం కలిసి వాయించాం. చరణంలో ఒక చోట కళ్ళెత్తి చూస్తే ఐదు కమానులు పైకి వెళ్తున్నాయి, నాది కిందికి దిగుతోంది. సారు ఆపలేదు, ఏమీ అనలేదు. అందరూ వాయిస్తుండగానే నా పక్కకొచ్చి మోచేతిని రెండు వేళ్ళతో కొంచెం పైకెత్తారు. అంతే, శబ్దం మారిపోయింది. అప్పటిదాకా ఎంత బిగపట్టి వాయిస్తున్నానో నాకే తెలీదు. రెండు వారాలు, రోజుకి నాలుగు గంటల చొప్పున, ఆ బిగువుని నేనే సాధన చేసి గట్టి చేసుకున్నాను. అది వదలడానికి మూడు నెలలు పట్టింది.

మీది గాత్రం కాబట్టి ఇంకా జాగ్రత్త. వయొలిన్ వాళ్ళ మోచెయ్యి అద్దంలోనైనా కనబడుతుంది. తారస్థాయిలో శ్రుతి వెంట్రుకవాసి తగ్గినా, అకారం ముక్కులోంచి వచ్చినా పాడే వాళ్ళ చెవికి ఒక పట్టాన తెలీదు. మైకు ముందు పాడటం అలవాటయ్యే కొద్దీ అది ఇంకా కష్టం. పెళ్ళి పందిట్లో ఎవరూ దిద్దరు. ఒకే పది కీర్తనలు, ఒకే వరస, అందరూ బాగుందంటారు. నేను ఆ మెచ్చుకోలుని చాలాకాలం నమ్మాను.

కచేరీలు మానేయమని మాత్రం అనను. అవి మీకు అవసరం, అక్కడ నేర్చుకునేదీ ఉంది. విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఊరూరా హరికథలు చెప్పిన మనిషి. అక్కడే వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కచేరీల సంగతి వేరే చెప్పక్కర్లేదు. సంగీత కళాశాలలకి కచేరీలు చేసే వాళ్ళంటే చులకన ఎప్పుడూ లేదు. మీ మేష్టార్లలో కూడా సగం మంది కచేరీలు చేసేవాళ్ళే అయ్యుంటారు. నేరుగా వెళ్ళి హాస్టల్ ఖర్చు సంగతి చెప్పండి. నేను సిగ్గుపడి చెప్పలేదు. ఆ తర్వాతి ఏడాది చెప్పాను. మా సారు నాకు ఆదివారాలు చిన్న పిల్లలకి సరళీ స్వరాలు, జంట వరసలు చెప్పే పని ఇప్పించారు. పెళ్ళి కచేరీకి వచ్చినంత రాదు, కానీ నెలనెలా వస్తుంది, క్లాసు పోదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నారా? అయితే దానికీ 75 శాతం నిబంధన ఉంది. పరీక్ష రాయనిచ్చినా అక్కడ సొమ్ము ఆగిపోయే ప్రమాదం ఉంది, ఇది విడిగా కనుక్కోండి. అన్నట్టు, ప్రభుత్వ సంగీత కళాశాలల్లోని నాలుగేళ్ళ సర్టిఫికెట్, రెండేళ్ళ డిప్లొమా కోర్సుల పద్ధతి వేరు. అవి చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నా లెక్కలు యథాతథంగా తీసుకోకండి, మీ ఆఫీసులో అడగండి.

రేపు ఉదయం మీరు చెయ్యాల్సింది: ఆఫీసులో సబ్జెక్టు వారీ శాతాలు రాయించుకోండి, థియరీ ముందు చూడండి. అక్కడ మానిన క్లాసులు ఎనిమిది దాటిపోయి ఉంటే దాచుకోకుండా ఆ మేడమ్ గారినో సారునో కలవండి. సెమిస్టర్ ఇంకా 28 రోజులుంది కాబట్టి అదనపు క్లాసు తీసుకోమని అడగడానికి వీలుంది. ఆ అంకెలు ఇక్కడ రాస్తే నేనూ కూర్చుని లెక్క చూస్తాను.