మంచం సంగతి తర్వాత, ముందు గడప చూడండి

"అమ్మకి తుంటి ఆపరేషన్ అయింది, వచ్చే వారం డిశ్చార్జ్. గది ఎలా సిద్ధం చేయాలి, ఏ మంచం కొనాలి?" అని అడిగారు. పోయినేడు నాకూ ఈ మంచం తొందరే ఉండేది. అందుకే చెబుతున్నా, దాన్ని ఆఖర్న చూడండి.

మా అమ్మకి 71 ఏళ్లు. పెరట్లో మందార పూలు కోస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగితే, కీలులో బంతిలా ఉండే భాగం మార్చారు. రాజమండ్రిలో మాది నాన్నగారు కట్టించిన పాత ఇల్లు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ నేను తెగ హడావుడి పడ్డాను. ముందు గదికి రంగులు వేయించాను, మెత్తటి కొత్త పరుపు తెచ్చాను, టీవీ మంచానికి ఎదురుగా బిగించాను. చూసినవాళ్లంతా కొడుకంటే ఇలా ఉండాలన్నారు. నేనూ నమ్మాను.

డిశ్చార్జ్ రోజు పొద్దున పదింటికే పేపర్లు రెడీ అన్నారు. ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చి బయటపడేసరికి రాత్రి ఏడున్నర. డిశ్చార్జ్ అడిగిన మూడు గంటల్లో బీమా కంపెనీ తేల్చెయ్యాలని, ఆ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024 మేలోనే చెప్పింది. కౌంటర్ దగ్గర అబ్బాయికి ఆ మాటే అంటే "సిస్టమ్‌లో పెండింగ్ చూపిస్తోంది సార్" అన్నాడు. ఆ సిస్టమ్ అనే ఆయన్ని ఒక్కసారి కలవాలని ఉంది నాకు.

అలా చీకటిపడ్డాక ఇల్లు చేరాం. వీధి మెట్లు రెండూ కుర్చీలో ఎక్కించాం. వరండాలో వాకర్ పట్టుకుని అమ్మ నాలుగడుగులు బాగానే వేసింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది.

మా గడప టేకుది, మూడంగుళాల ఎత్తు. వాకర్ ముందు కాళ్లు లోపల పెడితే వెనక కాళ్లు బయట ఉండిపోయి, మొత్తం వాలిపోతోంది. "గడప మీద కాలు వేసి దిగమ్మా" అన్నాను. నన్ను చూసిన చూపు ఇంకా గుర్తే. యాభై ఏళ్లు శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టిన మనిషి, గడప తొక్కుతుందా? ఈలోగా లోపలినుంచి మా అక్క ఎర్రనీళ్ల పళ్లెంతో వచ్చింది. దిష్టి తీస్తూ తీస్తూ కాసిని నీళ్లు గచ్చు మీద ఒలికించింది. పాత ఎర్ర గచ్చు, అద్దంలా ఉంటుంది. వాకర్ కాలు జానెడు జారింది. నేను నడుం పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. "ఒరేయ్, మళ్లీ అక్కడికే పంపేస్తావేంట్రా నన్ను?" అంది అమ్మ. అక్క పళ్లెం కింద పెట్టేసి ఏడుపు. చివరికి పక్కింటి కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీ తెస్తే, అందులో కూర్చోబెట్టి నలుగురం ఎత్తి లోపల పెట్టాం. మంచం ఎక్కేసరికి ఆవిడ జాకెట్ చెమటకి తడిసి ముద్దయింది.

మర్నాడు ఫిజియో వచ్చి కొత్త పరుపు నొక్కి చూశాడు. "ఇది తీసేయండి సార్. కూర్చుంటే తుంటి మోకాలికన్నా కిందికి దిగకూడదు" అన్నాడు. అటక మీది పాత దూది పరుపు దించి, మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టాం. పద్నాలుగు వేల పరుపు మీద ఇప్పుడు నేను పడుకుంటున్నాను.

అసలు కథ బాత్రూమ్‌ది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, తెరిచాక మిగిలే సందులో వాకర్ ఇరుక్కుంది. తలుపు ఊడదీసి కర్టెన్ కట్టించాను. "తలుపు లేనిచోట ఎలా కూర్చోనురా" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. వాస్తు పేరుతో వీధి గుమ్మం జరపడానికి లక్షలు పోస్తాం గానీ, బాత్రూమ్ తలుపు వెడల్పు ఇంకో ఆరంగుళాలు పెంచమని ఒక్క మేస్త్రీకైనా చెప్పామా? ఇంకోటి, తువ్వాలు వేసుకునే రాడ్డుని నమ్మకండి. రెండు చిన్న స్క్రూలమీద ఉంటుంది, మనిషి పట్టుకుంటే ఊడొస్తుంది. గోడకి డ్రిల్ చేసి బిగించే స్టీల్ రాడ్డు వేరే ఉంటుంది, కమోడ్ పక్కన అది వేయించండి. రబ్బరు కప్పులతో గోడకి అతుక్కునేవి వద్దు. మీది ఇండియన్ టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ తప్పదు, గొంతుక్కూర్చోవడం ఈ ఆపరేషన్ అయినవాళ్లకి కుదరదు.

గడపకి వడ్రంగి చేత రెండువైపులా వాలు చెక్కలు చేయించాను. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్క, అంటే మూడేసి అడుగులు. మధ్యలో గడప మీదుగా ఇంకో పలక. "తొక్కేది చెక్కనే కదా" అని అమ్మ ఒప్పుకుంది.

చుట్టాల కుర్చీలు మాత్రం హాల్లోనే వేయండి. బత్తాయిలు తెస్తారు, పర్లేదు. కానీ "మా పిన్నత్తగారికీ ఇదే అయింది, మళ్లీ లేవలేదు" అని మంచం పక్కనే కూర్చుని చెబుతారు. మా ఇంట్లో ముగ్గురు చెప్పారు.

మీకు ఇంకా వారం ఉంది. ఇవాళే వాకర్ అద్దెకి తెచ్చుకోండి. రాత్రి లైట్లు ఆర్పి, మంచం మీంచి లేచి బాత్రూమ్ దాకా మీరే దాంతో నడవండి. ఎక్కడ తిట్టుకున్నారో అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి. బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిచాక ఎన్ని అంగుళాలు మిగులుతోందో, గడప ఎత్తు ఎంతో కింద రాస్తే, మా వడ్రంగిని అడిగి చెక్క కొలతలు చెబుతాను.