మేనత్తకు వస్తే మనకేమిటి అనుకోవద్దు

ప్రశ్న: నా వయసు 38. మా మేనత్తకు 41వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స పూర్తయి ఇప్పుడు బాగానే ఉన్నారు. నాన్నమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయారు. అమ్మ వైపు ఎవరికీ లేదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు అక్కడి గెయిల్ లెక్కలో నా వివరాలు వేసి చూస్తే, రాబోయే 5 ఏళ్లలో నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 0.6 శాతమని తేలింది. ఇక భయం లేదనుకోవచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండమని మీకు చెప్పలేను. 0.6 శాతమంటే, అవే వివరాలున్న వెయ్యి మంది స్త్రీలలో 5 ఏళ్లలో సుమారు ఆరుగురికి జబ్బు వస్తుందని. ఆ ఆరుగురిలో మీరున్నారో లేదో ఏ లెక్కా చెప్పలేదు. పైగా 1989లో అమెరికాలో రూపొందిన ఈ లెక్క మీ వయసు, రజస్వల అయిన వయసు, తొలి కాన్పు నాటి వయసు, రొమ్ముకు బయాప్సీ జరిగిందా, తల్లికో అక్కచెల్లెళ్లకో కూతుళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చిందా వంటివే అడుగుతుంది. మేనత్త సంగతి, నాన్నమ్మ సంగతి అడగదు. అండాశయ క్యాన్సర్ ఊసే ఎత్తదు. మీ ఇంట్లో ముందుగా చూడవలసినవి సరిగ్గా అవే.

అమ్మకు లేదు గనుక మనకు రాదన్న నమ్మకం మన ఇళ్లలో చాలా గట్టిది. కానీ రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ రెండింటి ముప్పునూ పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులలోని లోపం తండ్రి నుంచి కూడా అంతే తేలిగ్గా బిడ్డలకు వస్తుంది. మగవారిలో అది తరచు జబ్బుగా బయటపడదు కాబట్టి, ఆరోగ్యంగా తిరుగుతున్న నాన్నను ఎవరూ అనుమానించరు. నాన్నమ్మ నుంచి ఆ లోపం మీ మేనత్తకు వచ్చి ఉంటే, మీ నాన్నగారికి వచ్చే అవకాశం సగం, మీకు పావు వంతు. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే అయినా, లోపం ఉన్న స్త్రీలలో జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 60 శాతానికి మించుతుంది.

అందువల్ల జన్యు పరీక్ష ముందుగా జరగవలసింది మీకు కాదు, మీ మేనత్తగారికి. కొద్దిపాటి రక్తం ఇస్తే చాలు. ఆమెలో లోపం దొరికితే, సరిగ్గా అదే లోపం మీలో ఉందేమో చూస్తారు. లేకపోతే మీ ప్రమాదం దాదాపు అందరితో సమానమవుతుంది, ఉంటే ఏటా మ్యామోగ్రామ్‌తో పాటు ఎంఆర్‌ఐ కూడా అవసరమవుతుంది. ఆమెకు చేయకుండా మీకొక్కరికే చేస్తే, లోపం లేదన్న రిపోర్టు వచ్చినా దానిని పూర్తిగా నమ్మలేము. క్యాన్సర్ గురించి ఆమెతో మళ్లీ మాట ఎత్తడం మీకు కష్టంగానే ఉంటుంది. కానీ ఆమెకు కూతుళ్లుంటే ఈ పరీక్ష వారికీ అంతే ముఖ్యమన్న సంగతి చెప్పి చూడండి.

క్యాన్సర్ ఆసుపత్రిలో జన్యు సలహాదారును కలిసేటప్పుడు మేనత్తగారి బయాప్సీ రిపోర్టు, నాన్నమ్మగారి పాత కాగితాలు దొరికినన్ని, ఎవరికి ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో మూడు తరాల వివరం రాసుకుని వెంట తీసుకువెళ్లండి.