ఆ వైర్లు పీకేయకండి

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. పన్నెండేళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడే ఆరు మోషన్ సెన్సర్లతో వైర్ల అలారం పెట్టించాం. ఇప్పుడు అలారం మోగితే ఫోనుకు సందేశం రావాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఒక్కో సెన్సర్‌కు చిన్న ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ తగిలిస్తే అన్నీ వైర్‌లెస్ అయిపోతాయని మెకానిక్ అంటున్నాడు. మొన్న ఫాల్స్ సీలింగ్ పనిలో హాలు సెన్సర్ వైరు ఎలాగూ తెగింది. మార్చేయమంటారా?

జవాబు: వద్దు. తిరుపతి నుంచి, రేణిగుంట నుంచి కూడా ఇదే ఉత్తరం వస్తోంది, అందులో ఇదే పొరపాటు ఉంటోంది. ఫోనుకు సందేశం పంపేది ప్యానెల్, అంటే సెన్సర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె, సెన్సర్ కాదు. మీ ప్యానెల్‌కు సిమ్ కార్డుతో పనిచేసే మాడ్యూల్ అమరుతుందేమో కనుక్కోండి. అమరకపోతే ప్యానెల్ ఒక్కటే మార్చండి. కొత్తది వైర్‌లెస్ ప్యానెలే కావాలన్నా, పాత వైర్లన్నిటినీ ఒకచోట కలుపుకుని దానికి రేడియోలో కబురు చేరవేసే కన్వర్టర్లు దొరుకుతాయి. అది పాత పెట్టెలోనే ఇమిడిపోతుంది, గోడలు కదిలించే పని ఉండదు.

మెకానిక్ సలహా లెక్కకు నిలవదు. వైర్ల సెన్సర్ 12 వోల్టుల మీద రాత్రింబవళ్లు సుమారు 15 మిల్లీఆంపియర్లు లాగుతుంది. రిమోట్లలో వేసే చిన్న 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 50 మిల్లీఆంపియర్ అవర్లకు అటూ ఇటూ. సాయంత్రం వేస్తే అర్ధరాత్రికే ఖాళీ. ఏళ్ల తరబడి బ్యాటరీతో నడిచే సెన్సర్ లోపలి సర్క్యూటే వేరు.

నన్ను భయపెడుతున్నది మాత్రం బ్యాటరీ కాదు. చవక వైర్‌లెస్ అలారాల్లో ఎక్కువ భాగం 433 మెగాహెర్ట్జ్ మీద, ఎప్పటికీ మారని ఒకే కోడ్‌ను, ఏ తాళమూ లేకుండా గాలిలోకి వదులుతాయి. తిరుచానూరు రోడ్డులో మా బంధువుల ఇంట్లో, వాళ్ల ఎదుటే పరీక్షించి చూశాను. బజారులో దొరికే కాపీ రిమోట్‌ను వాళ్ల అలారం రిమోట్‌కు ఎదురుగా పెట్టి రెండు బటన్లూ నొక్కి పట్టుకున్నాను. దీపం గబగబా వెలిగి ఆరింది. గేటు బయట నిలబడి నా చేతిలోని రిమోట్ నొక్కితే లోపల అలారం బుద్ధిగా ఆగిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. రేడియో పరికరం ఉన్నవాడికి మీ రిమోట్ చేతికి చిక్కనవసరం కూడా లేదు, మీరు ఒక్కసారి నొక్కినప్పుడు దగ్గరలో ఉంటే చాలు. ఇలాంటి వస్తువును భద్రత పేరుతో అమ్మడం అన్యాయం. డబ్బా మీద వైర్‌లెస్ అని అంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసేవారు, కోడ్ మారుతుందా లేదా అన్నది ఏ మూలా రాయరు. అమ్మేవారూ చెప్పరు, కొనేవారూ అడగరు.

వైరు అలా కాదు. కదలిక లేనంతసేపూ సెన్సర్ కాంటాక్టు మూసి ఉంటుంది, వైరు తెంపితే సర్క్యూట్ తెగి అలారం మోగుతుంది. రెండు వైర్లను కలిపేసి మోసం చేయకుండా చివర ఒక రెసిస్టర్ (కరెంటుకు కొంత అడ్డు పెట్టే చిన్న భాగం) పెడతారు; మధ్యలో వైర్లు కలిపితే ఆ అడ్డు మాయమై ప్యానెల్‌కు తెలిసిపోతుంది. అది సెన్సర్ లోపలే ఉండాలి. పని తొందరగా ముగించుకోవాలని దాన్ని ప్యానెల్ పెట్టెలోనే బిగించి వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లు చాలామంది. అక్కడ అది ఉన్నా లేనట్టే. మీ సెన్సర్ల మూత ఒకటి విప్పి, టెర్మినళ్ల దగ్గర రంగు చారలున్న చిన్న రెసిస్టర్ ఉందో లేదో చూడండి. చీమలు గూడు పెట్టి ఉంటే అదీ శుభ్రం చేయించండి.

ఇంకొక సంగతి. ఈ సెన్సర్లు చూసేది వేడిలో తేడాను. మే నెలలో తాళం వేసిన మన ఇళ్లలో గది వేడి ఒంటి వేడికి దగ్గరవుతుంది, అప్పుడు చూపు మందగిస్తుంది. అందుకే కొత్తది కొనేటప్పుడు ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే రకమే అడగండి.

తెగిన హాలు సెన్సర్ ఒక్కదానికి, సీలింగ్ మళ్లీ విప్పడం ఇష్టం లేకపోతే, వైర్‌లెస్ పెట్టుకోండి. ప్యానెల్‌తో రెండు వైపులా మాట్లాడేది, సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేసేది, అంటే ఇతరులకు అర్థం కాని రహస్య రూపంలో పంపేది, నేను ఉన్నానంటూ క్రమం తప్పకుండా పలకరించేది తీసుకోండి. బిగించినవాడు వెళ్లకముందే దాని బ్యాటరీ తీయించి పక్కన పెట్టండి. సెన్సర్ కనిపించడం లేదని ప్యానెల్ చెప్పేదాకా ఎంతసేపైనా అతన్ని కూర్చోబెట్టండి. చెప్పకపోతే డబ్బు ఇవ్వకండి.