పోటీ సిద్ధాంతాల్లో ఏది మేలో తేల్చగలమా?

ప్రకృతిని వేర్వేరు దృష్టులతో చూసే రెండు సిద్ధాంతాలను పోల్చడానికి ఉమ్మడి కొలమానం ఉంటుందా అన్నది ప్రశ్న. అలాంటి కొలమానం ఉండదని శాస్త్ర తత్వవేత్తలు థామస్ కూన్, పాల్ ఫెయరాబెండ్ 1962లో వాదించారు. దాన్ని ఒప్పుకున్నా పోలిక అసాధ్యమని తేలదు. కూన్ స్వయంగా ఆ తర్వాత కచ్చితత్వం, పొందిక, విస్తృతి, సరళత, కొత్త పరిశోధనకు దారితీసే శక్తి అనే ఐదు ప్రమాణాలు చెప్పి, వాటిలో దేనికెంత విలువ ఇవ్వాలన్న దగ్గరే శాస్త్రవేత్తలు విడిపోతారన్నాడు.

మా అనంతపురం గుట్టల్లో విరివిగా కనిపించే గ్రానైట్‌నే తీసుకుందాం. 18వ శతాబ్దం చివర జర్మనీలో భూవిజ్ఞాని వెర్నర్ అనుచరులు దాన్ని ఆదిసముద్రంలో మొట్టమొదట పేరుకున్న శిలగా భావించగా, స్కాట్లండ్‌కు చెందిన భూవిజ్ఞాని జేమ్స్ హటన్ అది కరిగిన స్థితి నుంచి చల్లారి గట్టిపడిందన్నాడు. భూమి చరిత్ర గురించే వారి ఊహలు వేరు. అయినా గ్రానైట్ అన్నిటికంటే పాతదైతే మరో శిలలోకి చొచ్చుకుపోయి ఉండకూడదన్నది ఇరుపక్షాలకూ వర్తించే పరీక్ష, నా దృష్టిలో అసలు కీలకం ఇదే. 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో ఎర్ర గ్రానైట్ పాయలు వేరే శిలలను చీల్చుకుని పోవడం హటన్ చూశాడు, అంటే అక్కడి గ్రానైట్ ఆ శిలల కంటే కొత్తదన్నమాట.

వివాదం వెంటనే ముగియలేదు, ఎందుకంటే పొరల శిలల వరుసను వెర్నర్ పద్ధతి చక్కగా వివరించేది. కడప నాపరాయి వంటివి నీటిలో పేరుకున్నవేనన్న మాట ఈనాటికీ నిలిచే ఉంది.