డాబా మీద కాల్చుకోడానికి గ్యాసా, బొగ్గులా?

ప్రశ్న: మేడమ్, ఆదివారం చుట్టాలొస్తే డాబా మీద చికెన్, మక్క కంకులు కాల్చుకుందామని బార్బెక్యూ కొంటున్నం. మా ఆయన గ్యాస్‌ది అంటున్నడు, నేను బొగ్గులది అంటున్న. ఏది మంచిగుంటది?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: నెలకోసారి, తీరిగ్గ కూసోని తినేటట్టయితే నా ఓటు బొగ్గులకేనమ్మా. కొవ్వు చుక్క నిప్పుల మీద పడి చుర్రుమని పొగ లేస్తది చూడండి, ఆ వాసన ముక్కకు పడితేనే అసలు రుచి, గ్యాస్ మీద కూడా కొంత వస్తది గని ఇంత రాదు. కాకపోతే ఓపిక కావాలె, బొగ్గులు అంటుకొని పైన తెల్లగ బూడిద పట్టేదాక 20-30 నిమిషాలు ఆగాలె, అంతకుముందే ముక్కలు పెడితే మంటకు పైన మాడి లోపల పచ్చిగ ఉంటది. లెగ్ పీసులకైతే నిప్పులు ఒక పక్కకు జరిపి, ముక్కలు రెండో పక్కన పెట్టి మూతేయండి, నిదానంగ లోపలిదాక ఉడుకుతది. కిరోసిన్ మాత్రం పోయొద్దు, వాసన కూరకు పడ్తది.

వారం వారం, పిల్లలకు ఆకలైనప్పుడల్లా చేస్తమంటే మీ ఆయన మాటే కరెక్ట్, గ్యాస్‌ది 10-15 నిమిషాల్ల వేడెక్కుతది, మంట తగ్గించుకోవచ్చు, బూడిద పని ఉండది. పైపుకు సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగలొస్తే గ్యాస్ లీకైతున్నట్టే, రాకుంటేనే వెలిగించండి.

వాన పడ్డదని బొగ్గుల పొయ్యి ఇంట్లకు మాత్రం తేకండి, దాంట్లకెల్లి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, ప్రాణాలే పోతయి.