పురి చాలని నూలు

ఆదోని

అమ్మణ్ణీ,

నువ్వు అనంతపురంలో పెట్టె రాట్నం కొన్నావని, బ్యాంకు నుంచి వచ్చినాక రోజూ ఒక గంట నూలు వడుకుతానంటున్నావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. "ఈ కాలంలో ఇదేం పిచ్చమ్మా" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. మీ అత్తలు ముగ్గురినీ కూర్చోబెట్టి నేర్పిస్తే ఒక్కదానికీ అబ్బలేదు, నీకు యాడ తగులుకుందో! రెండు రోజులుగా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నా. రాత్రయితే మాత్రం గుబులు.

ఆ గుబులేందో ముందు చెప్తా. మీ ఇంట్లో దేవుని గూటికీ ఏకుల బుట్టకూ, అదే వడకడానికి చుట్టిన దూది బుట్టకూ, ఎంత దూరం? మా అమ్మ ఒక సందేల కిరోసిన్ బుడ్డి పక్కన దూది బుట్ట పెట్టి, ఎవరో పిలిస్తే లేచి పోయింది. తిరిగి వచ్చేలోగా భగ్గుమంది. చేత్తో ఆర్పబోయి మోచేతి దాకా కాల్చుకుంది. నువ్వు కరెంటు దీపం కింద కూర్చుంటావని తెలుసు. అయినా అగరుబత్తి ముట్టించిన గదిలో దూది పెట్టొద్దు. బుట్టకు మూత ఉండాల.

మెడికల్ షాపులో దొరికే దూది చుట్టతో మొదలుపెట్టొద్దు. దాంట్లో పత్తికి సహజంగా ఉండే మైనం తీసేసుంటారు, చేతిలో సాగదు. ఏకులు చుట్టినవే తెప్పించుకో. పొడుగు పింజ పత్తి అడుగు, పింజంటే పత్తి పీచు. మన పక్క ముంగారి పత్తి పింజ పొట్టి, ముతక దుప్పట్లకు మేలు గానీ సన్ననూలుకు పనికిరాదు. ఒళ్ళో నల్లగుడ్డ పరుచుకుంటే తెల్లపోగు కళ్ళకు ఆనుతుంది. మీ ఊరి గాలి ఎండుగాలి, మధ్యాహ్నం పూట పోగు ఊరికే తెగుతుంది. ఆదివారమైనా తెల్లారుజామున కూర్చో, కిటికీకి తడిగుడ్డ కట్టుకో.

ఇంక పురి సంగతి, అదే పోగుకు పడే మెలిక. ఇది సావధానంగా చదువు.

1966లో నాకు 19 ఏళ్ళు. బడిలో తకిలీ, అదే చేత్తో తిప్పి వడికే పుల్ల, తిప్పినప్పటి నుంచీ నా చేయి మంచిదని పేరు. నా ఈడువాళ్ళు 16, 20 నంబరు వడుకుతుంటే, నేను 40 తీయాలని పట్టుబట్టినా. నంబరంటే ఏందో తెలుసా? పౌను నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అంత. నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నం. మా నాయనకు నా నూలుతో పంచె నేయించాలని ఆశ. ఏడాది పొడుగునా వడికినా. చూసినోళ్ళంతా సాలెపురుగు దారంలా ఉందే అంటుంటే కాళ్ళు నేల మీద నిలవలేదు.

సన్నం మీద పడి నేను మర్చిపోయింది పురి. పోగు ఎంత సన్నమైతే అన్ని మెలికలు ఎక్కువ పడాల. 16 నంబరు పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగుకు, అంగుళానికి 16 మెలికలు చాలు, 40 నంబరుకు 25 దాకా కావాల. బారెడు లాగినాక కదురుకు, అదే నూలు చుట్టుకునే పుల్లకు, చుట్టే ముందు చక్రాన్ని ఇంకో నాలుగు సుట్లు తిప్పితే ఆ పురి ఎక్కుతుంది. ఆ నాలుగు సుట్లకు నాకు ఓపిక లేకపోయింది. తొందరగా చుట్టేస్తే ఇంకో బారెడు వస్తుంది కదా!

చిలపలు మూటగట్టుకొని నాయనా నేనూ బస్సులో ఎమ్మిగనూరు పోయినాం. అక్కడ మాచాని సోమప్పగారు పెట్టిన చేనేత సంఘంతో ఊరంతా మగ్గాల చప్పుడు. మాకు తెలిసిన నేతాయన ఒక పోగు తీసి రెండు చేతుల మధ్య మెల్లగా లాగినాడు. పోగు తెగలేదు. జారి, విడిపోయింది. "పేకకు చూద్దాం పాపా, పడుగుకు నిలవదు" అన్నాడు. పేకంటే అడ్డపోగు. నేను ఒప్పుకోలేదు. అచ్చంగా నా నూలుతోనే కావాలన్నా. ఆయన నాయన ముఖం చూసి సరేనన్నాడు. గంజి పెట్టి మగ్గానికెక్కించినాడు. అడుగు తొక్కినప్పుడల్లా పోగులు తెగడమే, అతుక్కోవడమే. నాలుగోనాడు ఇది కుదరదని కబురు పంపినాడు.

చివరికి మిల్లు నూలు పడుగు వేసి, మిగిలిన నా నూలు పేకగా కొట్టి ఒక తువ్వాల ఇచ్చినాడు. పంచె అనుకుంటే తువ్వాల! నాయన ఒక్క మాట అనలేదు. అది భుజాన వేసుకొని సంతకు పోతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. చిరిగితే బాగుండునని కూడా అనుకున్నా. పాడుది, పదేళ్ళకు గానీ చిరగలేదు.

అందుకే చెప్తున్నా, వారానికొకసారి జానెడు పోగు తీసి ఆ నేతాయన లాగినట్టు లాగి చూడు. పత్తి జారి విడిపోతే పురి చాలలేదు. మధ్యకు మడిచి వదిలితే తనంతట తానే పెనవేసుకోవాల. శ్రీకాకుళం పక్క పొందూరు ఖాదీ వాళ్ళ వీడియోలు చూసి నువ్వు కూడా 100 నంబరు తీస్తానని బయల్దేరొద్దు. వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వే చేతులవి, తరాల నాటివి.

రోజుకు ఇన్ని గజాలని లెక్క కూడా పెట్టుకోవద్దు. బ్యాంకులో నీకున్న లెక్కలు చాలవా? మీ నాయన చెప్పే దాన్నిబట్టి నువ్వు రాత్రి పదకొండు దాకా ఆఫీసు ఫోన్లు ఎత్తుతున్నావంట. మనసు నిమ్మళించాలని పట్టిన ఏకు మేకై కూర్చుంటే నేను ఊరుకోను. మణికట్టు నొప్పెడితే ఆపేయ్. పోగు తెగితే తెగనీ, కోపం వచ్చేలోగా లేచి మొహం కడుక్కో.

తిన్నావో లేదో కూడా ఫోన్లో చెప్పవు. అన్నం తిని కూర్చో తల్లీ.

మొదటి చిలప గడ్డలు గడ్డలుగా వస్తుంది. సిగ్గుపడి పారెయ్యొద్దు, నాకు పంపు. కార్తీకానికి ఒత్తులు చేసుకుంటా. నా తకిలీ పాత పెట్టెలో ఉంది, మీ నాయన వచ్చినప్పుడు ఇచ్చి పంపుతా. కొన సూదిలా ఉంటుంది, ఎదురింటి పసిదానికి అందనీకు.

ఏకుల బుట్టకు మూత కొన్నావా లేదా, రాయి.

నీ జేజి